లాంచీ కాగితం మీద సంతకం

ఓస్లో,
శనివారం ఉదయం.

స్కార్వోయ్ దీవి మహారాణి, మా అమ్మ పెత్రాకు కూతురు టోరున్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నువ్వు అల్లిచ్చిన ఊలు మేజోళ్ళూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఎడమ మోకాలూ, నీ ఆరు గొర్రెలూ క్షేమమని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. నాలుగు పేజీలు, పదకొండు ప్రశ్నలు. ముప్పై ఏళ్ళు బడి పంతులమ్మగా చేసి దిగిపోయినా ప్రశ్నపత్రం ఇవ్వడం మాత్రం మానలేదు నువ్వు. అందులో ఒకే ప్రశ్న నాలుగు చోట్ల ఉంది. "లాంచీ కాగితం మీద సంతకం పెట్టావా లేదా?" నాలుగోసారి కింద గీత కూడా గీశావు, కాగితం చిరిగింది.

నాకు తెలుసమ్మా. డిసెంబరుతో గడువు అయిపోతుంది. కొత్త కాగితం రాకపోతే ఎడ్విన్ లాంచీ మన రేవుకు రావడం మానేస్తుంది. లాంచీ లేకపోతే చేప కదలదు, పిల్లలు పెద్దబడికి వెళ్ళలేరు, ఎనభై గడపలూ ఒక్కొక్కటిగా తలుపులు మూసుకుంటాయి. నేను తీరప్రాంత మంత్రినయ్యాక ఆ కాగితం నా బల్ల మీదికే వస్తుందని నువ్వు దీవంతా చాటావనీ, రేవులో జెండా కర్రకు కొత్త తాడు కట్టించావనీ, కేకులకు గుడ్లు దాస్తున్నావనీ రాశావు. చెప్తాను. కానీ వరసలో చెప్తాను. పేజీలు తిప్పేసి చివరికి పోకు. లెక్క చెయ్యకుండా పుస్తకం వెనక జవాబు చూసేవాడు గాడిద అని మాకు నేర్పింది నువ్వే.

రాజుగారు నాతో ఏం మాట్లాడారని అడిగావు. చెప్పకూడదమ్మా. ప్రతి శుక్రవారం పదకొండింటికి మంత్రులమంతా రాజభవనంలో ఆయన ముందు కూర్చుంటాం, మా మా కాగితాలు చదువుతాం. ఆ గదిలో మాట గుమ్మం దాటకూడదు. నీకు చెప్తే రేవుకు చెప్పినట్టే, రేవుకు చెప్తే చేపలక్కూడా తెలిసినట్టే. అందుకని ఆయన గురించి నా నోట ఒక్క ముక్క రాదు. నా పరువు నాదే కాబట్టి అది మాత్రం చెప్తాను. మొదటి శుక్రవారం నా వంతు వచ్చేసరికి, లాంచీ వేళలు మైకులో చదివే ఎడ్విన్‌లాగా ఊపిరి తీసుకోకుండా అన్నీ చదివేశాను. బయటికొచ్చాక ప్రధానమంత్రిగారు మెట్ల మీద నా పక్కకు చేరి, "తరవాతి రేవు పేరు కూడా చెప్తారేమోనని చూశాను," అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మరునాటి నుంచి స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి మెల్లగా చదవడం అభ్యాసం చేస్తున్నాను.

ఆరో ప్రశ్న నీ తెలివికి తగ్గట్టే ఉంది. "ప్రతి కాగితం మీదా రాజుగారు నిర్ణయించారు అనే రాస్తారుగా, మరి ఆయన చెవిన ఒక్క మాట వేస్తే ఏం పోతుంది?" అన్నావు. నాన్న ఉన్న రోజుల్లో మన ఇల్లు గుర్తు తెచ్చుకో. బల్ల మొదట్లో కూర్చునేది నాన్న. "నాన్న వద్దన్నారు," "నాన్న సరేనన్నారు," అని మాకు తీర్పులు చెప్పేది నువ్వు. ఆ తీర్పుల సంగతి నాన్నకు తెలిసేది మేం వెళ్ళి ఆయన ఒళ్ళో ఏడ్చినప్పుడే. దేశం కూడా అలాగే నడుస్తోందమ్మా. ఒక్కటే తేడా, ఇక్కడ ఆయనకు ముందుగా చెప్పాలి, ఆయన అడిగితే జవాబివ్వాలి.

రాజుగారి సంతకం పక్కన ప్రధానమంత్రి సంతకం కూడా పడితేనే కాగితానికి ప్రాణం వస్తుంది. మంచి జరిగితే రాజుగారి పేరున జరుగుతుంది, చెడు జరిగితే తిట్లు మాకు. ఆయన్ని ఎవరూ దించలేరు. మమ్మల్ని మాత్రం పార్లమెంటు వాళ్ళు ఏ మంగళవారమైనా మీ మీద మాకు నమ్మకం లేదు పొమ్మనవచ్చు, ఆ వారమే పెట్టె సర్దుకోవాలి. అందుకే నేను ఇంతవరకూ ఈ ఇంటికి కర్టెన్లు కొనలేదు. ఎదురింటావిడ రోజూ నన్నూ నా కిటికీనీ జాలిగా చూస్తోంది.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పని ఎలా ఉందన్నావు. పని బాగుంది, నిజంగా బాగుంది. పొద్దున్నే ఆఫీసుకు పోవాలంటే కాళ్ళు వాటంతటవే పరుగెడుతున్నాయి. నా ఆఫీసులో గూన్‌వోర్ అనే కార్యదర్శి ఉంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, పదకొండు మంది మంత్రుల్ని చూసింది. నేను చేరిన రోజున పాత మంత్రిగారు ఆచారం ప్రకారం ఆఫీసు తాళంచెవి నా చేతిలో పెట్టి ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగీ దిగకముందే గూన్‌వోర్ ఆ తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని గోడకున్న మేకుకు తగిలించింది. "మంత్రులు పోగొడతారు," అంది, అంతే. నీకు ఈవిడ నచ్చుతుంది. లేదా మీరిద్దరూ ఒక గదిలో ఉంటే గోడలు కూలతాయి.

నువ్వు పంపిన ఎండుచేప పార్శిలు అందిందా అన్నావు. అందింది. ఎవరికి అందిందన్నదే కథ. అది చెప్పాలంటే ముందు ఇంకొకటి చెప్పాలి. వారాల తరబడి దాన్నే దాటేస్తూ నీకు వాతావరణం గురించి రాస్తూ వచ్చాను. ఇక తప్పదు. కూర్చునే చదువుతున్నావు కదూ? గొర్రెల దగ్గర నిలబడి ఉంటే లోపలికి వెళ్ళి కూర్చో.

అమ్మా, లాంచీ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. పెట్టే హక్కు నాకు లేదు.

నేను చేరిన రెండో వారంలోనే ఆ ఫైలు వచ్చింది. తెరిస్తే పైనే మన దీవి అర్జీ. మొట్టమొదటి సంతకం నీది, సగం పేజీ ఆక్రమించి. దానికింద ఎనభై ఇళ్ళ పేర్లు. మూడేళ్ళ కిందట ఆ చలిలో గడప గడపకూ తిరిగి ఆ సంతకాలు పెట్టించింది నేనే, అంచుల్లో ఇంటి నంబర్లు నా చేతిరాతే. గూన్‌వోర్ ఫైలు పెట్టి వెళ్ళలేదు, అక్కడే నిలబడింది. "ఇది మీరు చదువుతారా, నేను తిరిగి పట్టుకుపోనా?" అని అడిగింది.

చదువుతానన్నాను. రెండు రోజులు సొరుగులో పెట్టుకున్నాను. నీ దగ్గర దాచేదేముంది, ఒక్క సంతకమే కదా, ఎవరు చూడొచ్చారు అనిపించింది. సొరుగు తెరిచినప్పుడల్లా మన రేవు కనిపించేది. మూసినప్పుడల్లా గూన్‌వోర్ కనిపించేది, గుమ్మంలో.

గురువారం మంత్రులమంతా ప్రధానమంత్రి దగ్గర కూడుతాం. అక్కడ నా గొంతు నాకే వినపడనంత చిన్నగా చెప్పాను, ఈ ఫైలులో మావాళ్ళున్నారని.

"ఎవరు?" అన్నారు ప్రధానమంత్రి.

"మా అమ్మ."

"ఆవిడ కూడా అర్జీలో సంతకం చేశారా?"

"అర్జీయే ఆవిడదండీ. తిప్పింది నేను."

ఆయన కలం మూత పెట్టి, "అయితే లేవండి," అన్నారు. కోపంగా కాదు, ఈ కుర్చీ ఖాళీ చేస్తారా అన్నంత మామూలుగా. నేను లేచి బయట వరండాలో నిలబడ్డాను. లోపల మన లాంచీ గురించి మాట్లాడుతున్నారు, బయట నేను గోడ మీద పటాలు లెక్కపెడుతున్నాను. ఇరవై మూడున్నాయి.

మరుసటి శుక్రవారం ఆ కాగితం రాజుగారి ముందుకు వెళ్ళింది. స్కార్వోయ్ లాంచీ విషయంలో మంత్రి టోరున్ పనికిరారు, ఆమెకు బదులు న్యాయశాఖ మంత్రి హాల్వార్ చూడవలసింది అని. రాజుగారు సంతకం పెట్టారు, ప్రధానమంత్రి పక్కన పెట్టారు. నీ కూతురు పనికిరాదని దేశంలో ఇద్దరు పెద్దలు సంతకాలు చేసి మరీ తేల్చారమ్మా. మన దీవిలో ఇంత ఘనత ఇంకెవరికైనా దక్కిందా చెప్పు.

హాల్వార్ పేరు చూసి నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఉంటావు. అవును, ఆయనే. ఉత్తరాది లాంచీలు మనుషుల్ని మొయ్యవు, గాలిని మోస్తాయి అని రేడియోలో చెప్పిన పెద్దమనిషి. ఆ రోజు రేడియో మీద నువ్వు విసిరిన చెప్పు ఇంకా అలమర వెనకే ఉందనుకుంటాను. మన దీవి బతుకు వెళ్ళి ఆయన చేతిలో పడింది. ఆ మాట నీకు రాయలేక వాతావరణం రాశాను.

ఇక చేప. పార్శిలు మీద నా పేరు రాయకుండా, గొప్పగా "లాంచీ కాగితం మీద సంతకం పెట్టేవారికి" అని రాసి నా ఆఫీసుకు పంపావు. అది నా చేతికి వస్తుందని నీ ధైర్యం. కానీ లాంచీకి సంబంధించిన చీటీ ముక్క కూడా నా బల్ల మీదికి రాకూడదని నియమం. గూన్‌వోర్ పైన రాసింది చదివింది, సంతకం పెట్టేవారెవరో ఆలోచించింది, రెండు వీధుల అవతల ఉన్న హాల్వార్ ఆఫీసుకు పంపేసింది. ఆ మధ్యాహ్నం వాళ్ళ మూడో అంతస్తులో చేప వాసనకు అంత చలిలోనూ కిటికీలన్నీ బార్లా తెరుచుకున్నాయట.

చేపతో పాటు లోపల నువ్వు నాకు రాసిన చీటీ ఉంది. ఆయన తనకే అనుకుని చదివాడు. నీకు గుర్తుండే ఉంటుంది, అయినా ఇక్కడ ఎత్తి రాస్తాను, ఎందుకంటే నాకిప్పుడు కంఠతా వచ్చు. "పిల్లా, ఈ చేప తిని బలంగా సంతకం పెట్టు. రేడియోలో వాగే ఆ హాల్వార్‌గాడి మాట చెవిన పెట్టకు. గాలి గాలి అంటాడు, ఆ గాలి వాడి బుర్రలోదే. ఒక్కసారి మన లాంచీ ఎక్కమను. తిన్నదంతా బయటికొచ్చి బుద్ధి లోపలికి పోతుంది."

మర్నాడు హాల్వార్ ఆ చీటీ పట్టుకుని నా గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. నేను లేచి నిలబడ్డాను. మన ఎనభై ఇళ్ళనూ ఒక ఎండుచేప ముంచేసిందనే అనుకున్నాను.

"చేప తీసుకునే వీలు లేదు, పుస్తకంలో రాయించి కింద చల్లగదిలో పెట్టించాను," అన్నాడు. "తిట్లు మాత్రం నావే కదా, అవి ఉంచుకోవచ్చా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. లాంచీ గురించి ఒక్క మాటన్నా తప్పే. ఆయనకూ తెలుసు. చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గూన్‌వోర్ కళ్ళు పైకెత్తకుండా టైపు కొడుతూనే ఉంది, కానీ భుజాలు కదలడం నేను చూశాను. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నవ్వగా చూసినది నేనొక్కదాన్నేనట.

ఇప్పుడు నీ మూడో పేజీకి వద్దాం. పోయిన నెలలో ఆకుపచ్చ టోపీ పెట్టుకుని దక్షిణాది మనిషొకడు దిగాడనీ, లాంచీ కమ్మీ పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కుకుంటుంటే నువ్వు జాలిపడి ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చావనీ రాశావు. ఏం పని చేస్తావు నాయనా అంటే కాగితాలు చదువుతానన్నాడనీ, నువ్వు వేయించి పెట్టిన చేప ముట్టుకోలేదనీ, అదేం పుట్టుకో అనీ రాశావు. ఆ రాత్రి షాపు మేడ మీద పడుకున్నాడు. మర్నాడు సోమవారం లాంచీలో పెద్దబడికి వెళ్ళే తొమ్మిది మంది పిల్లలకు చోటిచ్చి తను నిలబడ్డాడు. నువ్వు ఆయనకు చేయూపుతూ రేవులోంచి అన్న మాట కూడా రాశావు, "లాంచీకేం దిగులు లేదులే నాయనా, సంతకం పెట్టేది నా కూతురే," అని.

అమ్మా, ఆ ఆకుపచ్చ టోపీ హాల్వార్. మా మంత్రుల్లో అలాంటి టోపీ పెట్టుకుని తిరిగేది ఆయనొక్కడే.

నవ్వుతున్నావా, తలపట్టుకున్నావా? నాకైతే నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలైంది, తరవాత భయమేసింది. ఆయన ముందు నువ్వు ఇంకేం వాగావో అని. నీ చీటీ జేబులో పెట్టుకునే నీ వంటింట్లో కూర్చున్నాడు ఆ మనిషి. నువ్వు ఆయనకు, ఎడ్విన్ తుఫానులో మంత్రసానిని తెచ్చిన సంగతీ, లాంచీ రాని వారం దీవిలో ఉప్పు పంచుకున్న సంగతీ అన్నీ చెప్పావని రాశావు. ఎవరితో చెప్తున్నదీ తెలియకుండా చెప్పావు కాబట్టి అందులో ఒక్క అబద్ధం లేదు. బతిమాలడమూ లేదు. నాకది గర్వంగా ఉంది.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం ఆయన మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కూర్చున్నాడు. "కాగితం పొద్దున్నే పోస్టులో పడింది, ఇక మీరు తెలుసుకోవచ్చు," అన్నాడు. "గాలి కాదండీ. తొమ్మిది మంది పిల్లలు, ఒక బాలింత, ఇరవై రెండు పెట్టెల చేప. నేనే లెక్కపెట్టాను, వాంతికీ వాంతికీ మధ్యలో."

పదేళ్ళమ్మా. లాంచీ పదేళ్ళు వస్తుంది. చలికాలంలో బుధవారం పూట మాత్రం తీసేశాడు, ఆ రోజు నిజంగానే ఖాళీగా తిరుగుతోందని ఎడ్విన్ రోజూ రాసే లాంచీ పుస్తకంలోనే ఉందట. నేనైతే బుధవారం కూడా ఉంచేసేదాన్ని. ఆదివారం ఇంకొకటి కలిపేదాన్ని కూడానేమో. నేను సంతకం ఎందుకు పెట్టకూడదో నాకు అప్పుడు బాగా తెలిసింది.

ఆయన వెళ్ళాక నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. గూన్‌వోర్ వచ్చి నా ముందు కాఫీ పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. మంత్రులు ఏడవడం ఆవిడకు కొత్త కాదనుకుంటాను.

ఈ ఉత్తరం తెచ్చే పోస్టు సంచిలోనే దీవి పేరుకు ఆ కాగితమూ ఉంటుంది. రేడియోలో రాదు, ఎనభై గడపల వార్త వాళ్ళకు వార్త కాదు. నీ చేప కూడా అదే లాంచీలో తిరిగొస్తోంది, ముద్రలు వేసి, ఒక్క ముక్క తగ్గకుండా. దాంతో హాల్వార్ చీటీ ఉంది. ఈ ప్రభుత్వం పడిపోయిన మర్నాడు తను మామూలు మనిషిగా వచ్చి నీ వంటింట్లో ఇదే చేప అడిగి తింటానని రాశాడు. అందాకా ఎండనీ.

నీకు కోపం వచ్చే ఉంటుంది. కూతురు సంతకం పెడుతుందని దీవంతా చెప్పావు, ఇప్పుడు కాగితం విప్పితే కిందున్నది నువ్వు తిట్టినవాడి పేరు. నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలని అడుగుతావు. అడిగే ముందు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకో.

నాకప్పుడు పదకొండేళ్ళు. నీ బడిలోనే, నీ తరగతిలోనే ఉన్నాను. సంవత్సరం పరీక్ష అయ్యాక అందరి పుస్తకాలూ నువ్వే దిద్దావు, నా పుస్తకం మాత్రం దిద్దలేదు. నూనెగుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, పక్క దీవి మాస్టారు దిద్దాలని ఎడ్విన్ వాళ్ళ నాన్న చేతికిచ్చి పంపించావు. వారం తరవాత తిరిగొచ్చింది. ఆరు మార్కులు తగ్గాయి. నువ్వు దిద్దితే వందకు వంద వచ్చేవని నేను కాళ్ళు నేలకేసి కొట్టాను. నెల రోజులు నీతో మాట్లాడలేదు, గొర్రెలతోనే మాట్లాడాను. అప్పుడు నువ్వన్నావు, "నేనిచ్చిన వంద ఎవరూ నమ్మరే పిల్లా. ఆయనిచ్చిన తొంభై నాలుగు ఎవరూ కాదనలేరు."

"అయితే లేవండి," అని ప్రధానమంత్రి అన్నప్పుడు, ఆ వరండాలో పటాలు లెక్కపెడుతున్నప్పుడు, నాకు గుర్తొచ్చింది ఆ నూనెగుడ్డ మూటే. దాన్ని తీసుకెళ్ళి తిరిగి తెచ్చింది ఈ లాంచీయేనమ్మా.

అందుకని కేకులు చెయ్యి. గుడ్లన్నీ వాడెయ్యి. కొత్త తాడుతో జెండా పైకెత్తు. నీ కూతురి సంతకమేదీ అని రేవులో ఎవరైనా అడిగితే, అది గదిలోంచి లేచి బయటికెళ్ళింది, నేనే పెంచాను అలా, అని చెప్పు.

ఇట్లు,
లాంచీ విషయంలో పనికిరాని,
మిగతా అన్నింటికీ నీ కూతురైన
టోరున్.